గడప దాకా వెళ్ళినవాళ్ళం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఒక విశ్రాంత సోషల్ టీచరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభాధ్యక్షులకు, లైబ్రేరియన్ గారికి, మసీదు కమిటీ తరఫున వచ్చిన పెద్దలకు, సాయంత్రం ఆట మానుకుని వచ్చిన మా హైస్కూలు పిల్లలకు నమస్కారం.

వచ్చే శనివారం, ఆదివారం మన బజారు మసీదు ఊరందరి కోసం తలుపులు తెరుస్తోంది. కరపత్రం మీ చేతికి వచ్చే ఉంటుంది. "మన ఊరి మసీదు చూద్దాం రండి" అని పైన రాశారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు, ఏ మతం వాళ్ళైనా రావచ్చు అని కింద రాశారు. మన ఊళ్ళో ఇది మొదటిసారి. దీని గురించి నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. మతాల గురించి నాకు అంత పాండిత్యం ఏమీ లేదు. ఇలాంటి పిలుపు ఒకటి అందుకుని నేను ఒక మసీదు లోపలికి వెళ్ళొచ్చాను, అదొక్కటే నా అర్హత. అది ఇక్కడ కాదు, ఇంగ్లండులో. అది చెప్పే ముందు మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా తమ్ముడు ఏడాది పిల్లవాడు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాడు, ఒళ్ళు కాలిపోయేది. డాక్టరు గారు మందిచ్చారు. మా అమ్మ ఆ మందూ వేసింది, దాంతోపాటు పొద్దుగూకే వేళకి వాణ్ణి చంకనేసుకుని, చేత్తో చెంబుడు నీళ్ళు పట్టుకుని మసీదు దగ్గరికి బయల్దేరింది. నేను కొంగు పట్టుకుని వెనకాలే. మేం వెళ్ళేసరికే నలుగురైదుగురు తల్లులు గేటు పక్కన నిలబడి ఉన్నారు. మా వీధివాళ్ళు, అవతలి పేటవాళ్ళు, మనవణ్ణి ఎత్తుకుని కిరాణా కొట్టు అవ్వ. మగ్రిబ్ నమాజు అయ్యింది. టోపీలు సర్దుకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ మగవాళ్ళు బయటికి వస్తున్నారు. వస్తూ వస్తూ ఒక్కొక్క బిడ్డ దగ్గర ఆగారు. పెదాలు కదిలీ కదలనట్టు ఏదో చదివి, తలమీద మెల్లగా ఊదారు. చెంబులో నీళ్ళమీదా ఊదారు. ఎవరూ ఎవరి కులం అడగలేదు. పైసా తీసుకోలేదు. జ్వరం ఆ నీళ్ళతో తగ్గిందో మందుతో తగ్గిందో నాకు తెలియదు. తిరిగి వస్తున్నప్పుడు మా అమ్మ మొహం తేటపడటం మాత్రం నాకు గుర్తుంది.

ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళలో సగం మంది చిన్నప్పుడు అలా ఊదించుకొచ్చినవాళ్ళే. అంత నమ్మకంగా బిడ్డల్ని తీసుకెళ్ళిన మనం గేటు దగ్గరే ఆగాం. లోపలికి రావద్దని ఎవరూ అనలేదు. రావచ్చా అని మనమూ అడగలేదు. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ మసీదు ముందు నుంచే స్కూలుకి వెళ్ళాను. లోపల ఏముంటుందో ఒక్కనాడూ చూడలేదు. పిల్లలకి ఇస్లాం మీద పాఠం చెప్పిన టీచర్ని నేను! ఐదు పూటల నమాజు, రంజాన్ ఉపవాసం, జకాత్, హజ్ అని బోర్డు మీద రాసినదాన్ని. బోర్డుకీ ఆ గుమ్మానికీ మధ్య రెండు వందల గజాల దూరం లేదు.

ఎందుకిలా జరిగిందని తర్వాత చాలా ఆలోచించాను. మనం ముస్లింలకి దూరంగా బతికినవాళ్ళమేమీ కాదు. పీర్ల పండగకి ఊరంతా కదిలేది. పీర్లను ఎత్తుకునేవాళ్ళలో హిందువులుండేవారు, గుండం చుట్టూ తిరిగేవాళ్ళలో అందరూ ఉండేవారు. నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గా రొట్టెల పండగకి మనవాళ్ళు బస్సులు కట్టించుకుని వెళతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్ళు మళ్ళీ ఏడాది వచ్చి ఇచ్చిపోతారు. కడపలో అమీన్ పీర్ దర్గాకి వెళ్ళేవాళ్ళలో ఎవరు ఏ మతమో చెప్పలేం. అదే కడపలో, దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయ పట్టుకుని వస్తాయి. ఇదంతా మన నేలమీద ఉన్నదే, ఎవరో కొత్తగా నేర్పింది కాదు.

కానీ గమనించండి, అవన్నీ దర్గాలు, పీర్ల చావిళ్ళు. అక్కడ మనకి పనుంది. మొక్కుంది, కోరికుంది, రొట్టె ఉంది. మసీదులో మనకి పనిలేదు. అక్కడ మొక్కు లేదు, ప్రసాదం లేదు, చూడటానికి విగ్రహం లేదు. ఐదు పూటలా వరసగా నిలబడి నమాజు చేసుకుని వెళ్ళిపోతారు. పనిలేని చోటికి పిలుపు లేకుండా ఎలా వెళతాం? పిలవని పేరంటానికి వెళ్ళకూడదని మనకి ఉగ్గుపాలతో నేర్పారు. వాళ్ళేమో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది కదా, వేరే పిలవడం దేనికి అనుకున్నారు. మధ్యలో నా వయసంత కాలం గడిచిపోయింది.

ఇక ఇంగ్లండు సంగతి. మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తోంది. పురుడు పోయడానికి వెళ్ళి ఆరు నెలలున్నాను. లండన్‌కి నైరుతి దిక్కున, వాటర్లూ స్టేషను నుంచి రైల్లో అరగంట దూరంలో వోకింగ్ అనే ఊరుంది. వాళ్ళుండేది ఆ ఊరికి దగ్గర్లోనే. ఆ దేశంలో 1994 నుంచి ఏటా సెప్టెంబరులో పాత కట్టడాలను టికెట్టు లేకుండా జనానికి చూపించే రోజులు కొన్ని పెడతారు. చర్చిలు, కోటలు, పాత మిల్లులు, మామూలుగా మూసి ఉండే గదులు కూడా తెరుస్తారు. ఒక శనివారం పక్కింటి పెద్దావిడ, చర్చికి తప్పకుండా వెళ్ళే మనిషి, నన్ను పిలిచి "మసీదు తెరిచారట, నేను వెళుతున్నా, మీరూ వస్తారా" అంది. మనవణ్ణి మా అమ్మాయికి అప్పజెప్పి బయల్దేరాను.

వెళ్ళేది షాజహాన్ మసీదుకి అని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. పేరు వినగానే తాజ్‌మహల్ షాజహాన్ అనుకున్నాను. కాదు, భోపాల్‌ను పాలించిన షాజహాన్ బేగం. బ్రిటన్‌లో మసీదు కోసమనే కట్టిన మొట్టమొదటి కట్టడం అది. 1889లో కట్టారు. దానికి డబ్బిచ్చింది మన దేశపు రాణి. పూనుకున్నవాడు లైట్నర్ అనే పండితుడు. హంగరీలో యూదుల ఇంట పుట్టి, లాహోరు గవర్నమెంట్ కాలేజీకి ప్రిన్సిపాలుగా పనిచేసి, తర్వాత వోకింగ్‌లో తూర్పు దేశాల భాషలు నేర్పే విద్యాలయం పెట్టాడు. అక్కడికి చదువుకోవడానికి వచ్చే హిందూ, ముస్లిం విద్యార్థులు ఎవరి ఆచారం వాళ్ళు నిలుపుకోవాలన్నది ఆయన పట్టుదల. గీసిన ఆర్కిటెక్టు ఛాంబర్స్ ఇంగ్లీషువాడు. యూదుడు తలపెట్టి, ముస్లిం రాణి డబ్బిచ్చి, క్రైస్తవ దేశంలో ఇంగ్లీషు మేస్త్రీలు కట్టిన మసీదు అది. 2018లో ఇంగ్లండు ప్రభుత్వం దాన్ని తమ కట్టడాల్లో అత్యున్నత శ్రేణిలో చేర్చింది.

పెద్ద కట్టడం కాదు. అరవై మంది నిలబడితే లోపల నిండిపోతుంది. తెల్లని గోడలు, ఆకుపచ్చ గుమ్మటం. రైలు పట్టాల అవతల దేవదారు చెట్ల మధ్య అది కనబడగానే నాకు మన దేశం గాలి తగిలినట్టయింది. గేటు దగ్గర ఒక అమ్మాయి, ముప్ఫై ఏళ్ళుంటాయి, తలకి గుడ్డ చుట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది. మందుల షాపులో పనిచేస్తుందట. వాళ్ళ తాతగారు పాకిస్తాన్ చేతిలో ఉన్న కాశ్మీరులోని మీర్‌పూర్ నుంచి వచ్చారట. మీరు ఎక్కడి నుంచి అని అడిగింది. ఇండియా, హైదరాబాదు వైపు అన్నాను. గుంటూరంటే తెలియదేమోనని. వెంటనే నా చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా కూడా వెళ్ళనివ్వకుండా పక్కకి లాక్కుపోయింది. అక్కడొక ఇల్లుంది. దాని పేరేమిటో తెలుసా? సర్ సాలార్ జంగ్ మెమోరియల్ హౌస్. "ఈయన మీ ఊరాయనే, మీకు తెలుసా" అని అడిగింది.

తెలుసా అంటే ఏం చెప్పను! ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పిన పేరు. నిజాం రాజ్యానికి దివానుగా పన్నుల విధానం, కోర్టులు, పోలీసు అన్నీ ఒక దారికి తెచ్చిన మనిషి. ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల, మసీదు ఇమాము గారి నివాసానికని కట్టిన ఇంటిమీద ఆ పేరు చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణం నుంచి నేను అక్కడ చుట్టాన్ని అయిపోయాను.

అదొక్కటే కాదు. ఆ ఊరికి దగ్గర్లో బ్రూక్‌వుడ్ అని చాలా పెద్ద శ్మశానం ఉంది. ఖురాన్‌ని ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ళలో ప్రపంచమంతా చదివే ఇద్దరి సమాధులు అక్కడే ఉన్నాయి. ఒకరు మార్మడ్యూక్ పిక్తాల్, ఇంకొకరు అబ్దుల్లా యూసుఫ్ అలీ. ఇద్దరూ నిజాం కొలువులో పనిచేసినవాళ్ళే. పిక్తాల్ తండ్రి చర్చి ఫాదరీ. ఈయన 1917లో ఇస్లాం తీసుకుని, 1925లో హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలుకి ప్రిన్సిపాలుగా చేశాడు. అంటే మా ఉద్యోగమే! 1930లో అచ్చయిన ఆయన అనువాదం పూర్తయింది హైదరాబాదు కొలువులో ఉండగానే. దానికోసం నిజాం ఆయనకి జీతంతో సెలవిచ్చాడు. లండన్‌లో పెద్ద మసీదు ఉండాలని 1928లో పెట్టిన ట్రస్టు పేరు కూడా నిజామియా ట్రస్టే. నిజాం అరవై వేల పౌన్లు ఇచ్చాడు. 1937 జూన్‌లో దానికి శంకుస్థాపన చేసింది ఆయన పెద్దకొడుకు ఆజం జా. ఇప్పుడు రీజెంట్స్ పార్కులో బంగారు రంగు గుమ్మటంతో ఉన్న మసీదు ఆ ప్రయత్నం పెరిగి పెద్దదైనదే. నేను పిల్లలకి చెప్పిన చరిత్ర పాఠంలో ఇవేవీ లేవు. గుమ్మం తొక్కాకే తెలిశాయి.

సరే, లోపలి సంగతి. చెప్పులు విప్పి, అరలో పెట్టి, లోపలికి వెళ్ళాను. ముందు నాకు తోచింది ఒక్కటే, ఖాళీ. మెత్తటి తివాచీ, దానిమీద వరసల కోసం గీతలు, అంతే. మన గుళ్ళో కంటికి ఎంత పని ఉంటుంది! గర్భగుడిలో దీపం, పూలు, గంట, గోపురం మీద బొమ్మలు. ఇక్కడ కంటికి పనిలేదు. కాసేపటికి ఆ ఖాళీ నాకు నచ్చడం మొదలుపెట్టింది. చెవికి మాత్రం పని ఉంది. ఎవరు నెమ్మదిగా మాట్లాడినా గుమ్మటంలో తిరిగి వినపడుతుంది.

గోడలో గూడులా ఉన్నదాన్ని మిహ్రాబ్ అంటారు. మక్కా ఎటు ఉందో చెప్పే గూడు. నేను సోషల్ టీచర్ని కదా, దిక్కు చూశాను. మన ఊళ్ళో నమాజు పడమటికి, రవ్వంత వాయవ్యానికి తిరిగి చేస్తారు. అందుకే చిన్నప్పటి నుంచీ ముస్లింలు పడమరకి మొక్కుతారు అని మనం అనుకుంటూ వచ్చాం. వోకింగ్‌లో ఆగ్నేయానికి తిరిగి చేస్తున్నారు. వాళ్ళది దిక్కు కాదు, ఒక ఊరు. భూగోళం మీద ఎక్కడున్నా ఆ ఊరివైపు తిరుగుతారు. ఇది నేను ఎన్నోసార్లు పిల్లలకి చెప్పాను, కానీ నా కాళ్ళకింద తెలిసింది మాత్రం ఆ రోజే. పూటల వేళలూ అంతే. సూర్యుణ్ణి బట్టి నడిచే లెక్క కాబట్టి జూన్ నెలలో అక్కడ పొద్దుగూకేసరికే రాత్రి తొమ్మిది దాటుతుంది. ఇషా నమాజుకి పదకొండు అవుతుంది, మళ్ళీ తెల్లారుజాము మూడుకల్లా ఫజర్. చలికాలంలో పగలు ఎనిమిది గంటలే. అప్పుడు నమాజుల మధ్య ఊపిరి తీసుకోవడానికి వ్యవధి ఉండదు అని ఆ అమ్మాయి చెప్పింది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు అడిగిన ప్రశ్నలు వింటూ కూర్చున్నాను. ఒక పిల్లవాడు తివాచీ ఎవరు ఊడుస్తారు అని అడిగాడు. ఒకాయన లేచి, కొంచెం గట్టిగానే, బాంబుల సంగతి అడిగాడు. నాకు గుండె దడదడలాడింది. సమాధానం చెబుతున్న పెద్దాయన ఒక గుటక నీళ్ళు తాగి, "అది విన్న ప్రతిసారీ మా ఇంట్లోనూ అదే భయం, మా పిల్లలూ అదే రైలెక్కుతారు కదా" అన్నాడు. 2005 జులై 7న లండన్ రైళ్ళలో, బస్సులో బాంబులు పేలినప్పుడు తన కూతురు ఇంటికి చేరేదాకా పడిన టెన్షన్ చెప్పాడు. అడిగినాయన కూర్చోలేదు, వెళ్ళిపోనూ లేదు. చివరిదాకా నిలబడే విన్నాడు. తర్వాత టీ దగ్గర వాళ్ళిద్దరూ పక్కపక్కనే కనిపించారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

టీ, బిస్కెట్లు, సమోసాలు. ఆ రోజు పొద్దున్నుంచీ మసీదు ఆడవాళ్ళు ఎన్ని సమోసాలు చుట్టారో వాళ్ళ చేతులు చూస్తే తెలుస్తోంది. పిండి ఇంకా గోళ్ళలో ఉంది.

ఇంటికి వచ్చాక ఇలాంటివి ఇంకెక్కడ జరుగుతాయో లైబ్రరీలో కూర్చుని చదివాను. బ్రిటన్‌లో ముస్లిం కౌన్సిల్ వాళ్ళు 2015లో "మా మసీదుకి రండి" అని ఒక రోజు మొదలుపెట్టారు. ఆ ఏడు తెరిచినవి ఇరవై చిల్లర. మూడేళ్ళు తిరిగేసరికి, 2018లో, రెండు వందలు దాటాయి. జర్మనీలో ఇంకా ముందే, 1997 నుంచే ఉంది. అక్కడ ఏటా అక్టోబరు 3న వెయ్యి దాకా మసీదులు తెరుస్తారు. ఆ తేదీ నాకు బాగా నచ్చింది. రెండు జర్మనీలు ఒకటైన రోజు అది, వాళ్ళ జాతీయ దినోత్సవం. మన లెక్కలో ఆగస్టు 15 లాంటిది. మధ్యలో గోడ కూలి, రెండు ముక్కలూ ఒకటైనందుకు దేశం పండగ చేసుకునే రోజున, మేమూ ఈ దేశం వాళ్ళమే, మా ఇంటికీ రండి అనడం. ఏదో తప్పు జరిగితే సంజాయిషీ చెప్పుకోవడానికి పెట్టిన రోజు కాదది.

ఫ్రాన్సులో వేరుగా జరిగింది. 2015 జనవరిలో పారిస్‌లో ఉగ్రవాదులు పదిహేడు మందిని చంపారు. ఏడాది తర్వాత అదే జనవరిలో, 2016లో, ఒక శని ఆదివారాలు అక్కడి మసీదులు వందల సంఖ్యలో తలుపులు తెరిచి, వచ్చినవాళ్ళకి టీ ఇచ్చారు. గాయం తగిలిన తేదీనే ఎంచుకున్నారు. అది కూడా ఒక ధైర్యమే. కానీ చంపినవాళ్ళెవరో, సమాధానం చెప్పుకోవాల్సి వచ్చినవాళ్ళెవరో చూడండి. మా బంధువుల్లో ఎవరైనా తప్పుచేస్తే నేను ఊరందరికీ టీ పోసి మంచిదాన్నని నిరూపించుకోవాలా? ఈ ప్రశ్న ముస్లిం మిత్రులు అడుగుతారు. అడగడం న్యాయం. అందుకే వచ్చే శనివారం మన ఊళ్ళో మసీదుకి వెళ్ళేవాళ్ళు పరీక్ష పెట్టడానికి వెళ్ళేవాళ్ళలా వెళ్ళకూడదని నా మనవి. పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళండి.

ఇంగ్లండులోనే యార్క్ అనే ఊళ్ళో జరిగింది మాత్రం నేను ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. 2013 మే నెలలో లండన్‌లో ఒక సైనికుణ్ణి ఇద్దరు నడిరోడ్డు మీద నరికి చంపారు. దేశమంతా ఉడికిపోయింది. ముస్లింలకి వ్యతిరేకంగా పనిచేసే ఒక సంఘం యార్క్ మసీదు ముందు నిరసన చేస్తామని ప్రకటించింది. మసీదువాళ్ళు తలుపులు మూసుకోలేదు. టీ కాచారు, బిస్కెట్లు పెట్టారు. మసీదుకి తోడుగా నిలబడ్డానికి ఊరివాళ్ళు వందకు పైగా వచ్చారు. నిరసనకి వచ్చింది మాత్రం అరడజను మంది. వాళ్ళని లోపలికి రమ్మన్నారు. కొందరు వచ్చి టీ తాగారు. తర్వాత ఇరువర్గాలూ కలిసి ఫుట్‌బాల్ ఆడాయి. కోపంతో వచ్చినవాడికి ముందు ఒక కప్పు టీ ఇవ్వడం మన ఇళ్ళల్లో అమ్మమ్మలు చేసే పనే. "ముందు మంచినీళ్ళు తాగు నాయనా, తర్వాత మాట్లాడదువు గాని" అంటారు కదా.

అన్ని చోట్లా కథ అలా సుఖంగా ముగియలేదు. ఇదీ చెప్పకపోతే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను. 2019 మార్చి 15, శుక్రవారం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరం. జుమ్మా నమాజు వేళ. తుపాకీ పట్టుకుని ఒకడు అల్ నూర్ మసీదు గుమ్మంలోకి వచ్చాడు. ఎదురొచ్చిన పెద్దమనిషి వాణ్ణి చూసి అన్న మాట "హలో బ్రదర్". రా తమ్ముడూ అన్నట్టు. వాడు కాల్చాడు. అక్కడా, ఇంకో మసీదులోనూ కలిపి 51 మంది చనిపోయారు. అందులో మన హైదరాబాదువాళ్ళు, కరీంనగర్ ప్రాంతంవాళ్ళు కూడా ఉన్నారు. మన తెలుగు నేలమీద తల్లులు ఆ వారం ఫోను పట్టుకుని కూర్చుని ఏడ్చారు. తర్వాతి శుక్రవారం ఆ మసీదు ఎదురుగా ఉన్న హ్యాగ్లీ పార్కులో నమాజు చేశారు. చుట్టూ వేలమంది న్యూజిలాండ్ ప్రజలు, ఆ దేశ ప్రధాని తలమీద చెంగు కప్పుకుని నిలబడ్డారు. ముస్లిం కాని ఆడవాళ్ళు ఎంతోమంది ఆ రోజు తలకి స్కార్ఫు కట్టుకున్నారు.

తలుపు తెరిచి ఉంచడంలో ఎంత ప్రమాదం ఉందో ఇప్పుడు ప్రపంచంలో ప్రతి మసీదు కమిటీకీ తెలుసు. తెలిసే తెరుస్తున్నారు. మన కమిటీ పెద్దలు కూడా ఈ సంగతి మాట్లాడుకునే ఉంటారు. ఎవడైనా ఫోనుతో వచ్చి ఏదో వీడియో తీసి ముక్కలు కోసి పెడితే? ఎవరైనా కావాలని గొడవ పెట్టుకుంటే? ఇన్ని అనుకుని కూడా కరపత్రం అచ్చువేశారంటే వాళ్ళకి మనమీద ఎంత నమ్మకమో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ నమ్మకం నిలబెట్టే పని వాళ్ళది కాదు, మనది.

ఇక్కడ ఇంకొక మాట, పెద్దలు తప్పుగా అనుకోవద్దు. ఆడవాళ్ళ సంగతి. ఈ రెండు రోజులూ మేం ఆడవాళ్ళం లోపలికి వస్తాం, సంతోషం. మన ఊరి ముస్లిం ఆడపడుచుల మాటేమిటి? మా స్కూల్లో నా దగ్గర చదివిన అమ్మాయి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, నిన్న నాతో అంది. "టీచర్, నేను పుట్టినప్పటి నుంచీ ఆ అజాన్ వింటూనే ఉన్నాను, లోపల తివాచీ ఏ రంగో నాకూ తెలియదు" అని. మసీదులో ఆడవాళ్ళు నమాజు చేసుకోవచ్చునని ముస్లిం పర్సనల్ లా బోర్డే 2020లో సుప్రీంకోర్టుకి రాసిచ్చింది. బ్రిటన్‌లో మసీదు కోసమనే కట్టిన మొదటి కట్టడానికి డబ్బిచ్చింది ఒక ఆడమనిషేనని ఇందాక చెప్పాను. మన మసీదులో చోటు చాలదు, వేరే గది లేదు, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకి వేరే ఏర్పాటు లేదు అని కమిటీవాళ్ళు అన్నారు. నిజమే. అయినా ఈ విషయంలో నాకు తృప్తి లేదు, ఆ మాట వాళ్ళ ముందే చెప్పాను. మాట్లాడుకుంటామన్నారు. ఈ శనివారం ఆ అమ్మాయి నాతో పాటే వస్తోంది.

ఇక రెండు రోజుల ఏర్పాట్లు. పొద్దున్న పది నుంచి సాయంత్రం అయిదున్నర దాకా తెరిచి ఉంటుంది. మధ్యలో మధ్యాహ్నం జుహర్, సాయంత్రం అసర్ నమాజులుంటాయి. ఆ వేళకి వెళ్ళినవాళ్ళు వెనక కూర్చుని చూడవచ్చు, లేచిపోనక్కర్లేదు. ఆ పావుగంటా ఫోను ఆపుకోండి. నమాజు చేసేవాళ్ళకి అడ్డంగా ముందు నుంచి నడవకండి. చెప్పులు గేటు లోపల ఎడమవైపు అరుగు దగ్గర విప్పాలి. ఆడవాళ్ళు తలమీద కొంగు వేసుకుంటే చాలు. హౌజు, అంటే నీళ్ళ తొట్టి, దగ్గర వజూ ఎలా చేస్తారో ఇద్దరు కుర్రాళ్ళు చేసి చూపిస్తారు. చేతులు, నోరు, ముక్కు, మొహం, మోచేతుల దాకా, తలమీద తడిచెయ్యి, ఆఖరున పాదాలు. పిల్లలు చేసి చూస్తామంటే చేయనిస్తారట. మా తొమ్మిదో తరగతివాళ్ళు తలా ఒక ప్రశ్న రాసుకుని రావాలి. పుస్తకంలో ఉన్న ప్రశ్న వద్దు, మీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది అడగండి. అజాన్ ఇచ్చే మౌజను గారు ఇరవై ఏళ్ళుగా తెల్లవారుజామున ఎన్నింటికి లేస్తున్నారో అడగండి. ఇంకేమీ తట్టకపోతే, తివాచీ ఎవరు ఊడుస్తారో అడగండి.

మా అమ్మకి ఇప్పుడు ఎనభై ఆరు. మోకాళ్ళు వంగవు. మొన్న కరపత్రం చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "లోపలికే రమ్మన్నారా?" అని అడిగింది. లోపలికేనమ్మా అన్నాను. "మరి నేను కింద కూర్చోలేనే" అంది. ఆ మాట కమిటీవాళ్ళ చెవిన వేశాను. గోడవారగా, మిహ్రాబ్ కనిపించేలా ఒక కుర్చీ వేయించి ఉంచుతామన్నారు. శనివారం పది గంటలకల్లా ఆటోలో తీసుకొస్తున్నాను. మా తమ్ముడు కూడా వస్తున్నాడు.